శెట్టి మార్చిన రాయి

మంచి రాయిని తడితే ఖంగుమనాలి. నిన్న ఆళ్లగడ్డలోని మా పనిశాలలో కుర్రాళ్లు కొత్త బండను సుత్తితో తడితే, పగిలిన కుండ చప్పుడు వచ్చింది. వసారాలో కూర్చున్న నాకు ఆ చప్పుడుకే కుడి చెయ్యి సలిపింది. ఆ బండ నంద్యాల ఓబులేశు శెట్టి విగ్రహానికి తెప్పించింది. మద్రాసులో సినిమాలు తీసి, పేరు తెచ్చుకుని, చేతులు కాల్చుకుని సొంతూరు చేరిన పాతకాలపు నిర్మాత. ఈమధ్యే చనిపోయాడు. నాకు చూడటం నేర్పినవాడు అతనే. నా చెయ్యి పోగొట్టినవాడూ అతనే.

డెబ్బైల చివర్లో హాంకాంగ్ కుంగ్‌ఫూ సినిమాలు నంద్యాలకు వచ్చేవి. భాష ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా మ్యాట్నీకి టిక్కెట్టు దొరికేది కాదు. ఆట వదిలాక బజార్లో మగవాళ్లంతా గాల్లో చేతులు తిప్పుకుంటూ నడిచేవాళ్లు. ఆ పిచ్చిలోనే నేను వట్టి చేత్తో బండలు పగలగొట్టడం మొదలుపెట్టాను. అందులో గొప్పేమీ లేదు. మాది రాతి విగ్రహాలు చెక్కే ఇల్లు. బండలో సన్నటి పగులు ఎక్కడుందో తట్టి కనిపెట్టి, సరిగ్గా అక్కడ కొడితే రెండు ముక్కలవుతుంది. చూసేవాళ్లకు మాత్రం నేనొక వీరుణ్ణి. సంగతి శెట్టి చెవిన పడింది. నన్ను పిలిపించి, సినిమాకు తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఏం చూస్తాండావప్పా?" అన్నాడు.

"కాళ్లు అన్నా. ఎట్ల ఎగురుతాండాడో చూడు!"

"కాళ్లు అందురూ చూస్తారు. దెబ్బ తిన్నోని మొగం చూడు. సినిమా ఉండేది ఆడ."

అప్పటినుంచి ముఖాలు చూడటం అలవాటైంది. అంతకుముందు నాకు దేవుడి ముఖమంటే కొలతలే. రెప్ప ఎంత వాలితే దయ అవుతుందో, పెదవి ఎక్కడ బిగిస్తే బాధ అవుతుందో ఆ చీకటి హాల్లో శెట్టి పక్కన కూర్చుని తెలుసుకున్నాను. ఎప్పుడూ తిట్టే మా నాయన ఒకరోజు నేను చెక్కిన అమ్మవారి ముఖం చూసి, "నీ చేతికి పానమొచ్చిందిరా" అన్నాడు. అంతకంటే పెద్ద మెప్పు నా బతుకులో మళ్లీ రాలేదు.

ఎనభైల మొదట్లో శెట్టి తెలుగులో కుంగ్‌ఫూ సినిమా తీస్తానని బయల్దేరాడు. అందరూ వద్దన్నారు, వినలేదు. అందులో బండ పగలగొట్టే వేషం నాది. మా ఊరి బయట గుట్ట దగ్గర షూటింగ్. పొద్దున్నే పగులున్న బండ నేనే ఏరి పెట్టుకున్నాను. అలాంటిదే ఇంకో బండను కొట్టి చూపిస్తే పెంకులా విరిగింది. శెట్టి మొహం చిట్లించాడు.

"ఏందప్పా, పెండ్లిలో అప్పడం ఇరిచినట్ల కొడ్తాండావు?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అన్నాలు తిని వచ్చాక కెమెరా పెట్టారు. పొద్దున చూసుకున్న రాయే కదా అని మళ్లీ తట్టలేదు. బలంగా కొట్టాను. బండ పగల్లేదు. పగిలింది నా చెయ్యి. నేను కేకపెట్టి కూలబడితే, శెట్టి కెమెరామన్ భుజం పట్టుకుని, "ఆపొద్దు, తిప్పు, తిప్పు!" అంటున్నాడు. మేం తింటుండగా అతనే ఆ బండ తీయించి పగులు లేనిది పెట్టించాడని, మోసిన కూలీలు సాయంత్రం చెప్పారు.

ఎముకలు అతుక్కున్నాయి కానీ వేళ్లు సగం ముడుచుకుని అలాగే ఉండిపోయాయి. సుత్తి పట్టు చిక్కలేదు. సినిమా నంద్యాలలో వారం కూడా ఆడలేదు. నా సీను వచ్చినప్పుడు మాత్రం హాలంతా ఈలలు. పక్క సీట్లో శెట్టి ఉన్నాడు.

"రాయి మార్చినావా అన్నా?"

"మార్చినా." తెర మీంచి కళ్లు తిప్పలేదు. "చూడప్పా, ఆ మొగం ఇంగెవునికీ రాదు."

అయ్యో అన్న మాట కూడా అతని నోట రాలేదు. ఆ కోపం ఈనాటికీ చల్లారలేదు. ఇంకా మంట ఏమిటంటే, అతను చెప్పింది నిజం. ఆ సినిమా మొత్తంలో నిజమైన ముఖం అదొక్కటే. ఇప్పటికీ కుర్రాళ్లకు బాధపడే ముఖం చెక్కడం నేర్పాలంటే నాకు ఆ ముఖమే గుర్తొస్తుంది.

నిన్న మా కుర్రాడు వచ్చి, "మెడ వచ్చేకాడ పగులుండాది మామా. పైకి కనపడదులే, చెక్కేద్దామా?" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, చెక్కేయమనే మాట నోటిదాకా వచ్చింది. నాలుగు వానలకు తల రాలి నంద్యాల నడిబజార్లో పడితే చూడాలనిపించింది. అయినా, "మార్చండి, ఆయన కొడుకు వస్తే చెప్పే మార్చండి" అన్నాను. శెట్టి మీద దయతో కాదు. దొంగచాటు రాయి ఒకరి బతుకులో ఒక్కటి చాలు.

సాయంత్రం కొడుకు వచ్చాడు. రాయి సంగతి విని దండం పెట్టాడు. "ఇగ్రహం నిలబెట్టేనాడు మొదటి దండం నువ్వే పెట్టాలన్నా. మా నాయన తయారుచేసిన మనిషివి" అన్నాడు. వస్తానన్నాను.

అతను వెళ్లాక వసారాలో ఒక్కణ్ణే రెండు చేతులూ జోడించి చూశాను. ఎడమ అరచెయ్యి చక్కగా విచ్చుకుంది. కుడిచేతి వేళ్లు తెరుచుకోలేదు. ఎంత అదిమినా చేతులు కలవలేదు.