మోటారుకి చెంబెడు నీళ్లు

పొద్దున్నే అయిదింటికి ఆ ఇంట్లో రెండు చప్పుళ్లు వినబడేవి. ఒకటి, మేకుకి వేలాడే తాళాలగుత్తి ఆయన తీసే చప్పుడు. రెండోది, ఆవిడ చెంబులోకి నీళ్లు పట్టే చప్పుడు. ఆయన ముందు, ఆవిడ వెనక, చెంబు తొణకకుండా రెండంతస్తులూ దిగేవాళ్లు. మెట్ల కింద మోటారు గది. ఆయన పైపు మీద మూత తిప్పి తీస్తే, ఆవిడ చెంబెడు నీళ్లూ అందులో పోసేది. ఆయన మూత బిగించి స్విచ్చి వేసేవాడు. మోటారు కాసేపు ఉత్తి గాలి మింగి, గొంతు సవరించుకుని, నీళ్లందుకునేది. "పట్టుకుంది" అనేవాడు. ఏడేళ్లుగా ఆ మాట వింటే గాని ఆవిడకి తెల్లవారినట్టు ఉండేది కాదు.

ఆయన పోయి అయిదు నెలలు. నాలుగు నెలలు ఆవిడే ఒక్కతీ దిగి, ఒక చేత్తో మూత, ఒక చేత్తో చెంబు పట్టుకుని ఆ పని చేసింది. ఎవరూ చెయ్యమనలేదు, వద్దనలేదు. అసలు ఎవరు చేస్తున్నారో కూడా భవనంలో సగంమందికి తెలీదు. కుళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయి, అంతవరకే వాళ్లకి కావాలి. ఇప్పుడైతే ఆ మేకు ఖాళీ. తాళాలు మూడో అంతస్తులో టైలరమ్మ ఇంట్లో ఉన్నాయి.

ఆ భవనంలో ఇరవై నాలుగు ఇళ్లు. వాటి మంచీ చెడ్డా పందొమ్మిదేళ్లపాటు చూసింది ఆయనే. అందరూ పెద్దాయన అనేవాళ్లు. ఏడాదికోసారి మెట్ల దగ్గర అందరూ చేరితే, చెయ్యవలసింది చెప్పేసి, చివర "అందరికీ ఇష్టమేగా?" అని లేచేవాడు. ఆవిడ గోడవార నిలబడి టీ అందించేది. ఇష్టం లేదని ఎవరైనా అంటారేమోనని ఆయన ఆగి చూడడం ఆవిడ ఎన్నడూ ఎరగదు.

ఆయన తర్వాత ఎవరన్న మాట వచ్చినప్పుడు, "అమ్మగారు ఉన్నారుగా, చూసుకుంటారు" అని ఎవరో అన్నారు. "అయ్యో, నావల్ల ఏమవుతుంది" అందావిడ. రెండోసారి అడుగుతారు, మూడోసారి బతిమాలతారు, అప్పుడు సరేనందామని మనసులో ఉంది. వాళ్లు రెండోసారి అడగలేదు. "పాపం, ఆవిణ్ణి ఇబ్బంది పెట్టకండి" అని పక్కకి తప్పించేశారు. ఆ పాపం అన్న మాటకి ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

నిలబడింది ఇద్దరు. పింఛను పుచ్చుకునే గుమాస్తా గారు ఒకరు, టైలరమ్మ ఒకరు. చీటీలు రాస్తే దస్తూరీ తెలిసిపోతుందని టైలరమ్మ రెండు సీసాలు తెచ్చి, పాత దుప్పటి అడ్డం కట్టి వెనక పెట్టింది. ఇంటికొక తెల్ల బొత్తం. ఇష్టమున్న సీసాలో వేసి రావాలి. ఆవిడ దుప్పటి వెనక్కి వెళ్లి చాలాసేపు నిలబడింది. రెండు సీసాల్లో ఏదీ ఆయనది కాదు. బొత్తం గుప్పిట్లోనే పెట్టుకుని బయటికి వచ్చేసింది.

లెక్కిస్తే టైలరమ్మకి పదిహేను, గుమాస్తా గారికి ఎనిమిది.

"ఒకటి తగ్గిందే?" అన్నాడు గుమాస్తా గారు, ఆ ఒక్కటీ దొరికితే తాను గెలిచేసేటట్టు.

"వెయ్యకపోవడం కూడా వాళ్ల ఇష్టమే కదండీ. వెతకొద్దు" అంది టైలరమ్మ.

ఆ మాట నెమ్మదిగా అనడం కూడా ఆవిడకి గిట్టలేదు. ఎంత మంచిదానివమ్మా, అనుకుంది.

అప్పట్నుంచీ చెప్పుల లెక్క పట్టుకుంది. ఇదివరకు సాయంత్రమైతే తన గుమ్మం ముందు చెప్పులుండేవి. గోడ చెమ్మగిల్లిందనీ, లిఫ్టు ఆగిందనీ వచ్చేవాళ్లు. ఇప్పుడవి టైలరమ్మ గుమ్మం ముందుంటున్నాయి. మూడో అంతస్తుకి ఆవిడకి పనేం లేదు, అయినా బట్టలారేసే వంకతో డాబా మీదికి వెళ్తూ చూసేది. మొన్న నాలుగు జతలు. నిన్న ఏడు. ఏడింట్లో గుమాస్తా గారివి కూడా ఉన్నాయి. పెద్దాయన బతికున్నప్పుడు కూడా తన గుమ్మం ముందు ఏడు జతలు ఎప్పుడూ లేవు. ఆ సంగతి గుర్తొచ్చి ఆ పూట అన్నం సహించలేదు.

తాళాలు పుచ్చుకోవడానికి టైలరమ్మే వచ్చింది. మెళ్లో కొలతల టేపు అలాగే ఉంది.

"అక్కా, మోటారు వెయ్యడంలో చూసుకోవాల్సినవి ఏమన్నా ఉన్నాయా? నాకు మిషను తొక్కడం తప్ప ఇంకోటి తెలీదు."

"ఏముంది, స్విచ్చి వెయ్యడమే" అందావిడ.

అని తలుపు మూసుకుని, ఇంట్లో ఉన్న బిందెలు, బకెట్లు, గిన్నెలు, చివరికి పూలకుండీకి పోసే చెంబుతో సహా నీళ్లు నింపి పెట్టుకుంది.

మర్నాడు అయిదింటికి మోటారు మోగింది. నీళ్లు పట్టని మోత ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. పక్క మీద పడుకునే విన్నది. కింద టైలరమ్మకి తెలీదు, మోగుతోంది కదా అని నిలబడింది. అరగంటకి కాలిన వాసన వచ్చి మోత ఆగిపోయింది. ఎనిమిదయ్యేసరికి డాబా మీద ట్యాంకు ఖాళీ.

మెట్ల మీద మాటలు తలుపులోంచి వినబడుతున్నాయి. "పెద్దాయన ఉన్నప్పుడు ఒక్కనాడు ఇలా జరిగిందా?" అంటున్నారు. నాలుగు నెలలుగా చెవులు కాచుకున్న మాట అది. ఆవిడ గోడకానుకుని కాసేపు తృప్తిగా విన్నది.

ఎదురింటి నర్సు తలుపు కొట్టింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన పిల్ల, కళ్లు గుంటలు పడి ఉన్నాయి.

"పిన్నీ, ఒక్క బకెట్టు నీళ్లు దొరుకుతాయా? ఆస్పత్రి బట్టల్తో అలాగే ఉన్నా." లోపలికి తొంగి చూసి నవ్వింది. "అమ్మో, చెరువే కట్టేశారుగా. నీళ్లు రావని మీకు కల గానీ వచ్చిందా ఏంటి?"

ఆ పిల్ల వేళాకోళానికే అన్నది. ఆవిడకి మాత్రం తల కొట్టేసినట్టయింది. రెండు బకెట్లు ఇచ్చి పంపింది. మిగిలిన నీళ్లు ఆ రోజంతా ముట్టుకోబుద్ధి కాలేదు.

సాయంత్రం అందరూ మెట్ల దగ్గర చేరారు. మోటారు బాగుచేసే మనిషి వచ్చి వెళ్లాడు. రేపటికి తిరుగుతుంది గానీ, అసలు నీళ్లెందుకు పట్టలేదో తనకి అంతుపట్టలేదన్నాడు.

"మోటారంటే కుట్టుమిషను కాదమ్మా, కాలితో తొక్కితే తిరగడానికి" అన్నాడు గుమాస్తా గారు. నలుగురు నవ్వారు.

టైలరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. "తప్పు నాదేనండీ. సరిగ్గా తెలుసుకోకుండా తాళాలు పుచ్చుకున్నా" అంది.

ఆవిడ టైలరమ్మ నోటి వంకే చూసింది. ఇప్పుడు చెబుతుంది, అక్కనడిగితే స్విచ్చి వెయ్యడమేనందని అందరి ముందూ చెబుతుంది. టైలరమ్మ ఆవిడ వైపైనా తిరగలేదు. "మీరంతా పొద్దుట్నుంచీ అవస్థ పడ్డారు" అని ఊరుకుంది.

అసూయకి కూడా ఓ హద్దుంటుంది అనుకున్న ఆవిడకి, లేదని అప్పుడు తెలిసింది. తప్పు నాది అన్న మాట పందొమ్మిదేళ్లలో ఆయన నోట ఒక్కసారైనా విన్నదేమోనని వెతుక్కుంది. దొరకలేదు. వాళ్లాయనకి లేనిది ఈ టేపు వేసుకున్న మనిషికి ఉంది. అది అన్నిటికంటే ఎక్కువ కాల్చింది.

గోడ వదిలి రెండడుగులు ముందుకి వచ్చింది. చేతిలో టీ పళ్లెం లేకుండా ఆ మెట్ల దగ్గర నిలబడడం అదే మొదలు.

"ఈవిడ నన్నడిగింది. నేనే చెప్పలేదు" అంది.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"మోటారుకి ముందు చెంబెడు నీళ్లు పోయాలి. పైన మూత తీసి పోయాలి. రోజూ నేనే పోసేదాన్ని." ఇక్కడితో ఆపితే ఆయన పేరు పేరుగానే ఉంటుంది. ఆపుదామనే అనుకుంది. "సంపు అడుగున వాల్వులో రబ్బరు అరిగిపోయింది. అందుకే పైపులో నీళ్లు నిలవవు, రాత్రికల్లా దిగిపోతాయి. ఏడేళ్ల కిందటే ప్లంబరు మార్చేద్దామన్నాడు, పూటపని కూడా లేదన్నాడు. ఆయన వద్దన్నారు. ఎందుకూ, పొయ్యడానికి మా ఆవిడుందిగా అన్నారు."

ఆ మాట అన్ననాడు ఆవిడ ఎంత మురిసిపోయిందో వాళ్లకి చెప్పలేదు. తను లేకపోతే ఆయనకి సాగదనుకుంది. ఆయన లేకపోతే భవనానికి సాగకూడదని ఆయన అనుకున్నాడని ఇప్పుడు, ఇంతమంది మధ్య, నోటితో చెబుతుంటే అర్థమవుతోంది.

"ఇన్నేళ్లూ మాకొక్క ముక్క చెప్పలేదే" అన్నాడు గుమాస్తా గారు.

"మీరెప్పుడన్నా అడిగారా అన్నయ్యగారూ?" అంది టైలరమ్మ. తర్వాత ఆవిడ వైపు తిరిగింది. "ఏడేళ్లు రోజూ దిగి నీళ్లు పోశారు మీరు. మేం వాడుకున్నాం. ఆ లెక్క కూడా ఉండాలి కదక్కా."

వాల్వు మార్చాలా వద్దా అని మళ్లీ సీసాలు పెట్టారు. బొత్తాలు పంచుతుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "నాకొద్దు. మొన్నటిది నా దగ్గరే ఉండిపోయింది" అని, మార్చాలన్న సీసాలో వేసింది. అది టక్కుమని అడుగున పడింది.

కొత్త వాల్వు రావడానికి రెండు వారాలన్నారు. అందాకా రోజుకొక ఇల్లు, ఎవరి చెంబుతో వాళ్లు నీళ్లు పొయ్యాలని వంతులు రాసుకున్నారు. అందరినీ మోటారు గది దగ్గరికి పిలిచి, మూత ఎటు తిప్పాలో, చివర ఎంత బిగించాలో ఆవిడే చూపించింది. టైలరమ్మ ఒక్కసారికే నేర్చేసుకుంది. కనీసం రెండుసార్లు పడుతుందేమో అనుకుంది ఆవిడ.

నాలుగో రోజు సాయంత్రం గుమాస్తా గారు వచ్చాడు. గుమ్మం ముందు చెప్పులు విడిచాడు. చాలా రోజులకి ఒక జత.

"అమ్మా, రేపు నా వంతు పడింది. అంత పొద్దున్నే నా మోకాళ్లు మాట వినవు. మీకెలాగూ అలవాటే. నిజం చెప్పొద్దూ, మీ చెయ్యి పడితేనే ఆ మోటారు దారికొస్తుంది."

రోజూ సాయంత్రం పార్కు చుట్టూ ఆరుసార్లు తిరిగే మోకాళ్లవి. ఆ సంగతి ఆవిడకి తెలుసు. అయినా ఆ చివరి మాట ఒళ్లంతా చల్లగా పాకింది. ఎవరైనా అంటారా అని ఇన్నాళ్లూ చూసింది దీనికోసమే.

"చూద్దాం లెండి" అంది.

అయిదింటికి ఎప్పట్లాగే మెలకువ వచ్చింది. అయిదూ అయిదయింది. కింద చప్పుడు లేదు. చెంబు గట్టు మీద బోర్లించి ఉంది. లేస్తే నాలుగడుగులు. నింపుకుని దిగితే పది నిమిషాల పని. సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది, పెద్దాయన భార్య లేకపోతే గడవలేదని. టైలరమ్మకీ తెలుస్తుంది.

కాళ్లు కిందికి దించింది. గచ్చు చల్లగా తగిలింది.

అయిదూ పదికి పైన తలుపొకటి తెరుచుకుంది. చెప్పులు ఈడ్చుకుంటూ, మెట్టుకొక్కసారి మూలుగుతూ ఎవరో దిగుతున్నారు. తన గుమ్మం ముందు ఆగారు. చేతిలో నింపిన చెంబు తొణికి నీళ్లు మెట్ల మీద పడ్డాయి.

ఆవిడ గట్టు మీది తన చెంబు వంక ఒకసారి చూసి, కాళ్లు మళ్లీ పైకి తీసుకుని, దుప్పటి మెడదాకా లాక్కుంది.