ఫొటో కోసం పట్టుకున్న చద్దరు

నాకు దొరికిన మొదటి ఉద్యోగం వరద వల్ల దొరికింది. అప్పటికి డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చుని ఉన్నాను. రోజూ పొద్దున ఇబ్రహీంపట్నం గ్రంథాలయానికి వెళ్లి, పోటీ పరీక్షల పుస్తకం ఒకటి ముందు తెరిచి పెట్టుకుని, దాని చాటున నవల చదువుకుని, మధ్యాహ్నం తిండివేళకు ఇంటికి వచ్చేదాన్ని. మా బాపు లెక్కలో నేను గ్రూప్స్‌కు చదువుతున్నాను.

ఆ ఏడు వానలు విడవకుండా కొట్టాయి. మా ఊరి పెద్ద చెరువు నిండింది. జనం బండ్లేసుకుని, పిల్లలకు కొత్తబట్టలు తొడిగి, నీళ్ల ముందు నిలబడి సెల్ఫీలు దిగి, మిరపకాయ బజ్జీలు తిని వచ్చారు. సరిగ్గా అవే రోజుల్లో మీర్‌పేట్ వైపు కాలనీలు మునిగిపోయాయి. వాటిలో ఒక కాలనీలో మా చిన్నమ్మ ఉంటుంది. అమ్మకు సొంత చెల్లెలు.

చిన్నమ్మ ఆ ప్లాటు కొన్నప్పుడు బాపు వద్దని చెప్పాడు. "గది చెరువు శిఖం భూమి. ఎండకాలంల చూసి మురుస్తున్నరు. జర వానకాలం ఆగి చూడుండ్రి" అన్నాడు. శిఖం అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే నేల. నీళ్లు లేనప్పుడు అది మామూలు నేలలాగే కనిపిస్తుంది. తెల్లరాళ్లు పాతితే ప్లాట్లలాగా కూడా కనిపిస్తుంది. "నేను సిటీల ఇల్లు కడుతుంటె బావకు కండ్లు మండుతున్నయి" అంది చిన్నమ్మ. ఆ మాట ఎవరో మోసుకొచ్చి బాపు చెవిన వేశారు. ఆయన గృహప్రవేశానికి వెళ్లి, కడుపు నిండా తిని, డాబా మెట్లు ఎక్కి దిగి, "నీళ్లొస్తె పైకి ఎక్కనీకె మంచిగున్నయి" అని చెప్పి వచ్చాడు.

అప్పటి నుంచి గట్టి వాన పడ్డప్పుడల్లా బాపు ఆమెకు ఫోన్ చేస్తాడు. బంధుప్రేమ కాదది. "నీళ్లొచ్చినయా?" అని అడిగే గొంతులో ఆశ ఉంటుంది. చిన్నమ్మ ప్రతిసారీ రాలేదనే చెప్పేది. ఆ ఏడు కూడా అదే చెప్పింది. "వాకిట్ల దాక వచ్చి పోయినయి బావ. లోపట సుక్క లేదు." బాపు ఫోన్ పెట్టేసి, ఆ పూట అన్నం సగంలోనే లేచాడు.

వరద సాయం పని ఉందన్న సంగతి నాకు గ్రంథాలయం పక్కన జిరాక్స్ షాపు అక్క చెప్పింది. "ఉత్తగ ఆ లైబ్రరీల ఫ్యాను కింద కూసుంటవ్. పో రాదు, నాలుగు రోజులు. ఎవరితోని మాట్లాడే పని లేదు, బట్టలు మడత పెట్టుడే" అంది. మాట్లాడే పని లేదన్నందుకే ఒప్పుకున్నాను.

పనిలో పెట్టుకున్నాయన వెంచర్లు వేసే మనిషి. మహేశ్వరం నుంచి మీర్‌పేట్ దాకా ఆయన పాతిన తెల్లరాళ్లు ఉన్నాయి. ఇప్పుడు మునిగిన కాలనీల్లో కొన్నిటిని కూడా ఆయనే ప్లాట్లు చేసి అమ్మాడు. వాటిలోకి నీళ్లు రాగానే ఒక సేవాసమితి పెట్టాడు. అందరూ ఆయన్ను సార్ అనేవాళ్లు. మన్నెగూడ చౌరస్తా దగ్గరి ఫంక్షన్ హాల్ ఒకటి తీసుకుని, అందులో విరాళంగా వచ్చిన సామాను పోగు చేయించాడు. "మంచిగ చేసినోళ్లను మా ఆఫీసులనే పెట్టుకుంట" అని మొదటి రోజే అందరికీ చెప్పాడు. నమ్మాను. నమ్మడానికి అప్పుడు వేరే ఏమీ లేదు నా దగ్గర.

పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే స్టేజీ మీద బట్టల సంచులు గుట్టగా పోసి ఉండేవి. వాటిని విప్పి వేరు చేయడం నా పని. జనం ఇళ్లలో ఏం పనికిరాకుండా పోయిందో తెలుసుకోవాలంటే వరద సాయం మూటలు విప్పాలి. జరీ ఊడిన షేర్వానీ వచ్చింది. ఒంటి మేజోడు వచ్చింది. ఎవరిదో కాలేజీ బ్లేజరు, జేబులో సినిమా టికెట్టుతో సహా వచ్చింది. జిప్పులు పోయిన ప్యాంట్లయితే చెప్పనక్కర్లేదు. ఇల్లు మునిగినవాళ్లు జిప్పు లేకపోయినా సర్దుకుంటారని ఇచ్చినవాళ్ల నమ్మకం కాబోలు.

అన్నిటికన్నా ఎక్కువ వచ్చినవి జాకెట్ ముక్కలు. పేరంటాలకూ, ఒడిబియ్యానికీ పిలిచి బొట్టుపెట్టి చేతిలో పెట్టేవి. ఆ ముక్కను కుట్టించుకుని తొడుక్కున్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఒకరింట్లో తీసుకుంటారు, బీరువాలో పెడతారు, ఇంకొకరికి ఇస్తారు. అది ఊరంతా తిరిగి ఒక్కోసారి మొదట ఇచ్చినామె చేతికే వస్తుంది. ఆమె గుర్తుపట్టినా గుర్తుపట్టనట్టు కళ్లకద్దుకుంటుంది. కొన్ని ముక్కల మడతల్లో ఎండిపోయిన వక్క, కుంకుమ పొట్లం అలాగే ఉన్నాయి. వరద వల్ల ఎవరికైనా నిజంగా మేలు జరిగిందంటే ఆ బీరువాలకే జరిగింది.

సామాను పంచే రోజు నన్ను మీర్‌పేట్ తీసుకెళ్లారు. ఒక సర్కారు బడి ఆవరణలో టెంటు వేశారు. ఒక్కో ఇంటికి ఒక్కో సంచి. అందులో బియ్యం, పప్పు, నూనె ప్యాకెట్టు, సబ్బు, పైన ఒక గళ్ల చద్దరు. సంచి మీద సార్ బొమ్మ, దండం పెడుతూ.

పంచే పద్ధతి ఇది. సార్ సంచికి ఒక కొస పట్టుకుంటాడు, తీసుకునే మనిషి రెండో కొస పట్టుకోవాలి. ఫొటో పడేదాకా సార్ తన కొస వదలడు. సంచి మీద బొమ్మ ముందుకు వచ్చేలా తిప్పడం, తీసుకునేవాళ్లకు కెమెరా వైపు చూడమని చెప్పడం నా వంతు. నా గొంతు ఎవరికీ వినిపించకపోవడంతో ఆ రెండో పని ఫొటోగ్రాఫరే చేసుకున్నాడు.

"జర నవ్వవ్వా, రీల్ పెడ్తం" అన్నాడు ఒక ముసలామెతో.

"నవ్వాల్నా? ఏం, పెండ్లా?"

"నవ్వితె మంచిగొస్తది."

"కట్టుడు పండ్లు నీళ్లల్ల కొట్టుకపోయినయి కొడుకా. అవి తెచ్చియ్యి, నీ కడుపు సల్లగుండ, పొద్దుందాక నవ్వుత."

వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. సార్ కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఫొటో మళ్లీ తీయాల్సి వచ్చింది.

ఆ వరుస వెనకాల, కొంగు ముక్కు మీది దాకా లాక్కుని నిలబడ్డ మనిషిని, ఆమె నడుము మీద చేయి పెట్టుకున్న తీరు చూసి గుర్తుపట్టాను. చిన్నమ్మ. ఆమె కూడా నన్ను చూసింది. పక్కకు జరిగి పోబోయి, మళ్లీ ఆగి, నా దగ్గరికే వచ్చింది.

"నువ్వేంది బిడ్డా ఈడ? మీ బాపు వచ్చిండా?"

"రాలే చిన్నమ్మా. నేనే పని చేస్తున్న."

"మీ బాపుకు చెప్పకు. చచ్చిందాక దెప్పుతడు" అంది. చెంగు అంచు పళ్ల మధ్య పట్టుకుని మాట్లాడుతోంది. "ఇంట్ల నడుముల దాక నీళ్లున్నయి. మా అత్తను పక్కోళ్ల మీదింట్ల పండవెట్టిన. ముసల్ది సలికి వణుకుతున్నది. గా చద్దరు దొరికితె సాలు. ఫొటో మాత్రం నాతోని కాదు. మన గ్రూపుల పడ్డదంటె నేను బతికి లాభం లేదు."

ఆ మాట అతిశయోక్తి కాదు. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒకరి పరువు ఇంకొకరికి కాలక్షేపం.

వెళ్లి ఫొటోగ్రాఫర్‌తో, ఆమెకు ఫొటో వద్దట, అని చెప్పాను.

"ఫొటో వద్దంటె సంచి గూడ వద్దన్నట్టే గద చెల్లె. సార్‌కు నేనేం జెప్పాలె?"

"సంచి ఆమెకిద్దాం. నేను నిలబడ్త."

అతను నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నీ ఇష్టం. ఫ్రేము ఖాళీగుండొద్దు, గంతే."

చున్నీ తల మీదుగా కప్పుకుని వెళ్లి సంచికి రెండో కొస పట్టుకున్నాను. ఆ హాల్లో సార్ నన్ను రోజూ చూశాడు. నా చేతి మీదుగానే రోజూ చాయ్ అందుకున్నాడు. ఇప్పుడు సంచి అవతల నిలబడ్డది నేనని ఆయనకు తెలియలేదు. కెమెరా వైపు చూస్తూనే, "ధైర్యంగుండు చెల్లెమ్మా, నేనున్న" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఫొటో పడింది, ఆయన సంచి వదిలాడు.

టెంటు వెనక సంచి చిన్నమ్మకు ఇచ్చాను. అప్పటికి మళ్లీ తుంపర మొదలై, పైనున్న చద్దరు తడిసింది. ఆమె దాన్ని పొట్టకు అదుముకుని, వెనక్కి చూడకుండా నీళ్లలోకి దిగి పోయింది.

కొద్ది రోజులకే మా ఇబ్రహీంపట్నం చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. ఒక పక్క సార్, ఇంకో పక్క నేను, నడుమ సంచి. కింద వరద బాధితులకు ఆయన ఇచ్చిన భరోసా గురించి రెండు లైన్లు, దాని కింద వెంచర్ పేరూ, ఫోన్ నంబరూ. అన్ని ఫొటోల్లో నాదే ఎందుకు తీసుకున్నారని అడిగితే ఫొటోగ్రాఫర్, "అందరు నవ్విన్రు. నీ మొఖంలనే మస్తు బాధ కనవడ్డది" అన్నాడు. అందరినీ నవ్వమని చంపింది ఇతనే. మునిగినవాళ్లంతా నవ్వారు కాబట్టి మునగనిదాన్ని బాధితురాలిగా కట్టారు.

సార్ ఇస్తానన్న ఉద్యోగం గురించి ఆఫీసు నుంచి కబురు వచ్చింది. ఇక రావద్దని. "బాధితురాలు మన ఆఫీసుల కూసుంటె చూసెటోళ్లకు మంచిగుండదు" అన్నాడట సార్.

ఇంట్లో గోల వేరే. బాపు చౌరస్తాలో బండి ఆపి ఫ్లెక్సీ చూసి, అట్నుంచి అటే ఇంటికి వచ్చాడు.

"ఏమే, మనకేమన్న తక్కువైందా? బిచ్చపోళ్ల లెక్క నిలవడ్డవ్!"

"ఫొటోల మనిషి తక్కువైతె నిలబెట్టిన్రు" అన్నాను.

"నిలబెడ్తె నిలబడుడేనా? నోరు లేదా?"

అమ్మ ఏడుస్తూ, మన ఇల్లు మునిగిందని చుట్టాలంతా అనుకుంటున్నారు, అంది. గ్రూపులో ఫ్లెక్సీ ఫొటో తిరిగింది. ఒకరు ఏడుపు బొమ్మ పెట్టారు, ఒకరు దండం బొమ్మ పెట్టారు. చిన్నమ్మ మాత్రం మాటలే రాసింది: "ఆడపిల్లను గట్ల నిలబెడ్తరా, బావకు జర అన్న సిగ్గుండాలె." ఆ చద్దరు కప్పుకున్న అత్త పక్కనే కూర్చుని రాసి ఉంటుంది. చాలాసేపు ఆ వాక్యం చూసి, ఫోన్ బోర్లా పెట్టాను.

ఇది అక్కడితో ఆగిపోతే నేను నోరు తెరిచేదాన్ని కాదు. కానీ బాపు రోజూ ఆ చౌరస్తా మీదుగానే పోతాడు. కోపం తగ్గేకొద్దీ ఆయన కన్ను నా ముఖం మీది నుంచి దిగి ఫోన్ నంబరు మీద పడింది. నంబరుకు ఫోన్ చేశాడు.

"మీర్‌పేట్ల ప్లాట్లు సస్తాగ ఇస్తున్నరట" అన్నాడు ఒక సాయంత్రం చాయ్ తాగుతూ. "వానలకు భయపడి అమ్ముకుంటున్నరు పిచ్చోళ్లు. మన చెల్క భూమి అమ్మి రెండు తీస్కుందాం అనుకుంటున్న."

"శిఖం భూమి అంటివి గద" అంది అమ్మ.

"అన్న. తప్పు జెప్పిన. గింత వానకే మీ చెల్లె ఇల్లు మునగలే, ఇంకెప్పుడు మునుగుతది?"

మా బాపు తప్పు ఒప్పుకోవడం నేను చూడడం అదే మొదలు. అదీ, జీవితంలో ఆయన సరిగ్గా చెప్పిన ఒక్క సంగతి గురించే ఒప్పుకున్నాడు.

అప్పుడే చిన్నమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. కొంచెం మెత్తగా, బతిమాలుతున్నట్టే మాట్లాడాడు. మీ కాలనీలోనే తీసుకుందామనుకుంటున్నా, పక్కపక్కన ఉంటాం, ఏమంటావు, అన్నాడు.

ఇప్పుడైనా ఆమె నిజం చెప్పేస్తుందని అనుకున్నాను.

"నీ ఇష్టం బావ" అంది చిన్నమ్మ. "నాకైతె ఏం తక్లీఫ్ లేదు."

"నీళ్లు?"

"నీళ్లయితె రాలే."

మా చెల్క పోయినా సరే, తన మాట మాత్రం పోకూడదు ఆమెకు. నేను గడప దగ్గర కూర్చుని ఉన్నాను. లేచి వెళ్లి ఫోన్ మీదికి వంగాను. అంత దగ్గరగా వంగకపోతే నా మాట ఎవరికీ వినపడదు.

"చిన్నమ్మా, చద్దరు ఆరిందా?"

బాపు నా వైపు చూశాడు. అమ్మ చేతిలోని గ్లాసు కింద పెట్టింది. ఫోన్లో ఎవరో ముసలిమనిషి దగ్గుతున్న చప్పుడు వినిపించింది.

"ఏ చద్దరు?" అన్నాడు బాపు.

"ఫ్లెక్సీలది" అన్నాను. "అది చిన్నమ్మకిచ్చిన. నేను ఉత్తగ నిలవడ్డ."

చిన్నమ్మ ఇక దాచలేదు. "ఆరలే బిడ్డా. ఇల్లే ఆరలే. గోడ ముట్టుకుంటె సున్నం చేతికొస్తున్నది. కొనకు బావ. నడుముల దాక వచ్చినయి."

బాపు వెనక్కి వాలి కూర్చున్నాడు. ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. చెల్క దక్కినందుకు కాదు. "శిఖం భూమి అని ఆనాడే చెప్పిన" అన్నాడు. మళ్లీ అన్నాడు. తప్పు ఒప్పుకున్న సంగతి అప్పుడే మరిచిపోయాడు. సంచి కొస పట్టుకున్న సార్ లాగే ఆ మాటను పట్టుకుని, ఎంతకీ వదలలేదు. చివరికి అమ్మ ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుని, స్పీకర్ తీసేసి, మీ అత్తకు ఏం వండి పెడుతున్నావే, అని అడుగుతూ వంటింట్లోకి వెళ్లిపోయింది.