సూది ఇరుక్కోలేదు

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో డిగ్రీ చేతికొచ్చిన ప్రతివాడూ ఏదో ఒక కోచింగ్ సెంటర్లో కనిపించేవాడు. నేను మాత్రం ఇంట్లో తలుపేసుకుని ఆల్బం చేస్తుండేవాణ్ణి. పాత రికార్డుల్లోంచి చిన్న చిన్న ముక్కలు తీసి, ల్యాప్‌టాప్‌లో అతికించి కొత్త పాటలు కట్టడమన్నమాట. దీన్ని ఆర్ట్ పాప్ అంటారని అందరికీ చెప్పేవాణ్ణి (ఎవరూ అడిగేవారు కాదు). రికార్డులు మా నాన్న వాళ్లన్న, పెద్దబాపువి. నల్గొండ పల్లె నుంచి వచ్చి, పెళ్లిళ్లకు మైక్‌సెట్ పెట్టి ఇల్లు నిలబెట్టిన మనిషి. పాటల సంగతిలో మా ఇంట్లో ఆయన మాటే ఆఖరు. ఆయన ఒక్కసారి బాగుందంటే నాకు చాలు.

అక్కడే వచ్చింది చిక్కు. ఓ హరికథ రికార్డులో దాసుగారు మధ్యలో దగ్గారు. ఆ దగ్గు నాకు తెగ నచ్చి, సన్నాయి కింద తాళంలా మళ్లీ మళ్లీ వచ్చేట్టు పెట్టాను. వెనకటి గ్రామఫోన్‌లో సూది ఇరుక్కుని ఒకే ముక్క తిరుగుతుంటే మైక్‌సెట్ వాళ్లు పెట్టెను ఒక్కటి తట్టేవారు. పెద్దబాపు చేతికి ఆ అలవాటు పోలేదు. నా పాట వినబడితే చాలు, వచ్చి ల్యాప్‌టాప్ నెత్తిన ధప్‌మని ఒకటిచ్చి, "సూది ఇరుక్కున్నదిరా, జర సూస్కో" అని పోయేవాడు. కింది వాటాలో ఉండే ఓనరు ఆంటీ (గుంటూరు వాళ్లు) అయితే, "ఏంటి బాబూ, మీ ఇంట్లో ఎవరికో దగ్గు ఎంతకీ తగ్గట్లేదు, మిరియాల కషాయం పంపనా?" అని పరామర్శించేది. పంపింది కూడా. తాగాను.

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న ఆ ఏడాది ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, వండుకుని తిని నిరసన తెలపడం. మైక్ పెద్దబాపుది, వైర్లు మోసేది నేను (ల్యాప్‌టాప్ ఎప్పుడూ నా సంచిలోనే ఉండేది). పాటగాళ్లు ఎంతకీ రాలేదు. ట్రాఫిక్‌లో చిక్కుకున్నారట (రోడ్డు బంద్ పెట్టింది మనమే కదా!). జనం ఒక్కొక్కరే లేస్తున్నారు. పెద్దబాపు పరేషానై, "నీ దాంట్ల ఏదన్న ఉంటే వెయ్యిరా, గా దగ్గైనా సరే" అన్నాడు.

వేశాను. సన్నాయి, దగ్గు, సన్నాయి, దగ్గు. లేచినవాళ్లు నిలబడిపోయారు. నేను సౌండ్ తగ్గించబోయాను. ఇంతలో అన్నం గంగాళం దగ్గరున్న ఓ అక్క గరిటెతో తాళం వేసింది. పక్కవాళ్లు చప్పట్లు అందుకున్నారు. సరిగ్గా అప్పుడే పెద్దబాపు చెయ్యి, దానంతటదే, నా ల్యాప్‌టాప్ మీద ధప్‌మని పడింది. పాట ఆగిపోయింది.

"ఏయ్, ఎందుకాపిన్రు? మల్ల వెయ్యుండ్రి!" అని చౌరస్తా అంతా ఒకటే అరుపు.

పెద్దబాపు తన అరచెయ్యి చూసుకున్నాడు. జనాన్ని చూశాడు. మైకందుకున్నాడు.

"హలో, హలో... సూది ఇరుక్కోలే. పాటనే గట్లుంటది. మా పోరడు కట్టిండు."

ఆ రోజు నేను ఎల్‌బీ నగర్ నుంచి ఇంటిదాకా వైర్లు మోసిన సంగతే నాకు గుర్తులేదు.

ఆల్బం ఆఖరి పాటలో ఓ 'ధప్' ఉంటుంది. అదేం డ్రమ్మని ఇప్పటికీ కుర్రవాళ్లు అడుగుతారు. మా పెద్దబాపు అరచెయ్యి అని గర్వంగా చెబుతాను. ఆయన ఇప్పుడు లేడు. మొన్న నా కొత్త కంప్యూటర్ మొరాయిస్తే, నా చెయ్యి లేచి దాని నెత్తిన పడింది. "నాన్నా, అట్ల కొడితే ఏమొస్తది?" అని నవ్వింది నా బిడ్డ.

ఏమీ రాలేదు. అయినా ఇంకోసారి కొట్టాను.