కోయని తోక

2023 వేసవి. శాలిబండ నుంచి రెండు బస్సులు మారి నేను వెళ్లే ప్రయోగశాలలో నా పని ప్రోటీన్‌కు స్ఫటికాలు రప్పించడం. స్ఫటికం వస్తేనే ఎక్స్-రేలతో దాని ఆకారం తెలుస్తుంది. జూన్ నెలాఖరులోగా రాకపోతే ఆ ప్రోటీన్‌ను పక్కన పెడతామని, దానితోపాటే నా ఉద్యోగమూ ముగుస్తుందని ప్రయోగశాల నడిపే సార్ చెప్పేశారు.

శుద్ధి చేయడానికి ప్రోటీన్ చివర 'హిస్ ట్యాగ్' అనే చిన్న తోక తగిలిస్తాం. నికెల్ పూసల గొట్టంలో పోస్తే తోక నికెల్‌కు అంటుకుంటుంది, మిగతా చెత్త కారిపోతుంది. ఆపైన ఎంజైముతో తోక కోసేస్తాం. కుదురులేని తోక ఉంటే అణువులు వరుసగా పేరుకోవని అందరి నమ్మకం. షేర్వాణీలు కుట్టే మా నాన్నకు ఇదంతా చెబితే, తలెత్తకుండానే అన్నాడు: "కచ్చా టాకా లెక్కన్నట్టు, బట్ట జరగకుండ ముందుగాల ఏసే కుట్టు. అసలు కుట్టు పడ్డంక ఇప్పకుంటె గిరాకి ఊకుంటడా?"

ఎనిమిది నెలలు కోశాను. కోసిన ప్రతిసారీ ఒక రోజంతా పోయేది, సగం ప్రోటీన్ ముద్దకట్టి పాడయ్యేది. మిగిలినది తొంభై ఆరు గుంటల ట్రేలో చుక్కలుగా పెట్టి మైక్రోస్కోపులో చూస్తే తేటనీళ్లు. మళ్లీ పెడితే మళ్లీ తేటనీళ్లు. ఆ ట్రేలను కిటికీలోంచి విసిరేయాలనిపించేది.

జూన్ మొదట్లో ఎంజైము అయిపోయింది. కొత్తది రావడానికి మూడు వారాలన్నారు. అప్పటికి గాని నా నోరు పెగల్లేదు.

"సార్, ఈసారి కోయకుండా పెట్టనా?"

"తోక ఊగుతుంటె వరుస ఎట్ల కుదుర్తదమ్మా? సరే, ట్రే ఖాళీగ ఉండేకన్నా నయం. పెట్టు."

తొమ్మిదో రోజు మూడు గుంటల్లో చిన్న ఇటుకల్లాంటి స్ఫటికాలు. సార్ చూసి, "ద్రావణంల ఉప్పు పేరుకుందేమో చూడు," అన్నారు. కరిగించి పరీక్షిస్తే ప్రోటీనే, తోకతో సహా. నా ఉద్యోగం నిలిచింది. తర్వాత ఎక్స్-రేలు అసలు సంగతి చూపించాయి: ఒక అణువు తోక పక్క అణువు గాడిలో ఒదిగి రెండింటినీ కలిపి పట్టుకుంది. నేను ఎనిమిది నెలలు కోసి పారేసింది ఆ పట్టునే.

నాన్నకు చెబితే, షేర్వాణీ కాలరు తిప్పి లోపలి కుట్లు చూపించాడు. "గివి ఇప్పం. ఇప్పితె కాలర్ నిలవడదు."

"మరి గప్పుడే చెప్పొచ్చు కద బాపూ?"

"నువ్వు ఇప్పే కుట్టు సంగతే చెప్పినవ్. ఇప్పనిది ఎప్పుడడిగినవ్?"

తర్వాత మరో ప్రోటీన్‌కు మాత్రం తోక కోస్తేనే స్ఫటికం వచ్చింది. అందుకే ఇప్పుడు ప్రతి ట్రేలో సగం కోసినది, సగం కోయనిది పెడతాను. నాన్న ఆ మాట అన్న రోజు నా డైరీ తిరగేస్తే, మూడో నెలలోనే రాసుకున్న మాట కనిపించింది: "కోయకుండా పెడితే?" కింద గీత కూడా గీశాను. సార్ బల్ల నా బల్లకు నాలుగడుగుల దూరం. ఆ ప్రశ్న అక్కడికి చేరడానికి ఐదు నెలలు పట్టింది.