మామ భుజం మీది లెక్క

ఆ రోజుల్లో నాకు మనుషుల జ్ఞాపకశక్తి మీద నమ్మకం ఉండేది కాదు, నాది కలుపుకొనే చెబుతున్నాను. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న కాలం. మా ఇల్లు జగిత్యాలలో, నేను పనిచేసే బట్టల దుకాణం కోరుట్లలో, అత్తగారింటి మరమగ్గాలు సిరిసిల్లలో. ఏ బట్టకు ఏ రంగు పోగులు ఎన్ని కావాలో లెక్కకట్టడం ఎవరి దగ్గరా నేర్వకుండా నాకు అబ్బిన విద్య. ఆ లెక్క ఒకచోట రాస్తే ఇంటి కంప్యూటర్లో, దుకాణంలో, జేబులోని ఫోన్లో ఒకేలా కనబడాలని నా కోరిక. అదీ పరాయి సర్వర్లో కాదు, మన రాతలు మన ఇంట్లోనే ఉండాలి (అప్పుడు ఊరంతా దాదాపు ఆ మాటే అంటోంది, నోట్సు గురించి కాకపోయినా). నోట్సు రాసుకునే ఏడు యాప్‌లు తెచ్చి, పదకొండు గళ్ల పట్టిక గీసి, రెండు వారాలు మార్కులు వేశాను. అర మార్కు తేడాతో ఒకటి గెలిచింది. మా ఆవిడ ఆ పట్టిక చూసి, "నన్ను సూడ వచ్చిననాడు గుడ గిట్లనే మార్కులేసినవా?" అంది. పట్టిక మడిచి జేబులో పెట్టుకున్నాను.

అప్పుడే ఒక ఊరివాళ్లు సభకు కండువాలు కావాలని మా బామ్మర్దికి చెప్పారు. మామ పాత చేనేత మనిషి. నమూనా ఆయనే చేత్తో నేశాడు. అంచుకు అరవై పోగులని ఫోన్లో రాసుకున్నాను. తరువాత ఆయన అంచు వెడల్పు చేసి మరొకటి నేశాడు. దాన్ని జగిత్యాల తెచ్చుకుని లెక్కపెట్టి, ఇంటి కంప్యూటర్లో అంకె దిద్ది, నమూనా తిరిగి పంపేశాను.

మగ్గానికి పడుగు, అంటే నిలువు పోగులు, పట్టే రోజు ఫోన్‌ను కంప్యూటర్‌తో కలిపి, సమ్మెలో బస్సుల్లేక బండి మీద సిరిసిల్ల చేరాను. ఫోన్ తీసి చూస్తే అరవై! ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ కంప్యూటర్ చూసి "అరవై" అంది. "తారీఖు రెండువేల రెండు సూపిస్తుంది, గప్పటికి మన పెండ్లి గుడ కాలే" అని కూడా అంది. కరెంటు కోతలకు కంప్యూటర్ గడియారం బ్యాటరీ చచ్చి, నేను దిద్దిన అంకె ఏళ్ల కిందటిదని నమోదైంది. కొత్త తారీఖున్న రాతే నిలవాలని నియమం పెట్టింది నేనే. తప్పు మూడుచోట్లా చక్కగా ఒకేలా కుదిరింది. (గడియారానికి ఒక గడి గీయలేదు.)

"డెబ్బై పైన ఉండె, ఎంతనో యాదికిలేదు" అన్నాను.

"రంగేసిన నూలు గింతే ఉన్నది బావా. పడుగు తప్పితే ఎల్లుండి సభకు గా ఊరోళ్లు ఒట్టి భుజాలతోని పోతరు. మల్ల మనకు పనెవడిస్తడు?" అన్నాడు బామ్మర్ది.

నమూనా ఏదంటే, మామ కప్పుకుని దీక్షా శిబిరంలో కూర్చున్నాడు. ఇద్దరం పరిగెత్తాం.

"కండువా ఇయ్యి మామా, పోగులు లెక్కవెట్టాలె."

"దీక్ష మీద కూసున్న. తియ్య. ఉన్నకాడనే లెక్కవెట్టుకో."

పోగులు విడదీసే సూది పట్టుకుని ఆయన భుజం మీద వంగాను. ముప్పై ఒకటి దగ్గర ఎవరో నినాదమిచ్చారు, మామ చెయ్యెత్తాడు, లెక్క పోయింది. మళ్లీ మొదటినుంచి. నలభై ఆరు దగ్గర "జై తెలంగాణ" అని ఈసారి అరిచింది నేనే.

"ఏంది బావా, నువ్వు గుడనా!" అని బామ్మర్ది తల పట్టుకున్నాడు.

ఇంతలో, ఉద్యమంలో తమ ప్రాణాలు తీసుకున్న పిల్లల కోసం రెండు నిమిషాలు మౌనమన్నారు. అందరూ లేచారు. మామ కదలకుండా నిలబడ్డాడు. శిబిరమంతా తలలు దించుకుంటే నేను సూదితో పోగు వెంట పోగు దాటుతూ పోయాను. లెక్క పూర్తయింది. తలెత్తితే మామ కళ్లు తడిగా ఉన్నాయి. నా చేతిలో సూది ఉంది.

"ఎంతచ్చింది?" అన్నాడు మెల్లగా.

"డెబ్బై రెండు."

నా చెయ్యి ఫోన్ కోసం జేబులోకి పోయింది. "రాయకు. గిది యాదికుంచుకో" అన్నాడు.

కండువాలు సభకు అందాయి. గడియారానికి కొత్త బ్యాటరీ వేశాను, పట్టికలో పన్నెండో గడి గీశాను. నా రాతలు నేటికీ మా ఇంటి కంప్యూటర్లోనే ఉన్నాయి, అన్నీ సరైనవే, ఒక్కటి తప్ప. అప్పుడప్పుడు అది తెరిచి చూస్తాను. అరవై అని ఉంటుంది. దిద్దను.