పాడనివ్వని పరీక్ష

2014 జూన్‌లో నాకు పాతపట్నం దగ్గర ఒక హైస్కూలుకి బదిలీ అయింది. నేను సోషల్ మాస్టారిని. అంటే చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం అన్నీ ఒక్కడి నెత్తినే. మా పీరియడ్ అంటే పిల్లలకి కునుకు. ఆ సంగతి నాకూ తెలుసు గానీ ఒప్పుకోవడానికి మనసు రాదు.

ఒకరోజు ఆరో తరగతిలో పాతకాలపు చదువుల గురించి చెబుతున్నాను. రాత లేని రోజుల్లో చదువంటే చెవీ నోరూ, అంతే. వేదం నేర్చుకునే పిల్లవాడికి ఏ అక్షరం ఎత్తి పలకాలో, ఏది దించి పలకాలో గురువు వాడి తల పట్టుకుని ఎత్తి, వంచి మరీ నేర్పేవాడు. స్వరం తప్పితే పాఠం తప్పినట్టే. రాత వచ్చాక కూడా గ్రీకుల పిల్లలకి అక్షరాలు దిద్దించే గురువు ఒకడు, తీగల వాద్యం నేర్పే గురువు ఇంకొకడు. వాళ్లదే ఒక ద్వీపంలో చట్టాలు కూడా రాగం కట్టి నేర్పేవారట. ఇదంతా చెప్పి, "ఇప్పుడెవరైనా అలా నేర్చుకుంటున్నారా?" అని ఊరికే అడిగాను.

వెనక బెంచీలోంచి ఒక ఆడగుంట లేచింది. "మా ఇంటికాడ అలాగే మాస్టారూ."

పేరు పైడితల్లి. అందరూ పైడి అంటారు. వాళ్ల నాన్న అప్పన్న జముకుల కథ చెబుతాడు. జముకు అంటే ఒంటి తీగ ఉన్న వాద్యం. దాని మోత మీద కథ నడుస్తుంది, పక్కనున్నవాళ్లు వంత పాడతారు. పైడి చిన్నప్పట్నించీ నాన్నకి వంత. గంటల తరబడి సాగే కథ మొత్తం దానికి నోటికొచ్చు. పుస్తకం చేతికిస్తే మాత్రం రెండు లైన్లు చదివి బిక్కమొహం వేసేది.

"పుస్తకం వొద్దు మాస్టారూ. మీరు సెప్పండి, నాను బాణీలో పెడతాను" అంది.

సరే, చూద్దాం అనుకున్నాను. గోదావరి ఎక్కడ పుట్టి ఏయే ఊళ్ల మీదుగా పారుతుందో చెప్పాను. అది కాసేపు పెదవులు కదుపుతూ కూర్చుని, తరవాత లేచి పాడేసింది. మర్నాటికి క్లాసు క్లాసంతా పాడుతోంది. పక్క గదిలో లెక్కల మాస్టారు తలుపు దగ్గరికొచ్చి "ఏటండీ, సోషల్ పీరియడా, పెళ్లి ఊరేగింపా?" అని వెక్కిరించాడు. నేను మీసం మెలేశాను. నా జన్మకి మా సబ్జెక్టు పిల్లలు పట్టుబట్టి అడగడం అదే మొదలు.

ఒకసారి అప్పన్న బడికొచ్చాడు. భయం భయంగా గుమ్మం బయటే నిలబడి, "దీని బుర్ర నాలాటిదే బాబూ. జముకు ఆగిపోతే నాకు కత ఆగిపోతాది. మల్లా మొదట్నించి ఎత్తుకోవాల" అన్నాడు. ఆ మాట నాకెంత నచ్చిందో! ఇంటికెళ్లి డైరీలో రాసుకున్నాను. చదువు పాటలో ఉంటుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అనుకున్నాను. ఆయన నన్ను హెచ్చరిస్తున్నాడని నా బుర్రకి తట్టలేదు.

పైడి పదో తరగతికి వచ్చింది. ఆ ఏడు అప్పన్నకి గొంతు పోయింది, కథలు తగ్గాయి. పైడి వాళ్ల అత్త సముద్రం వైపు రొయ్యల కంపెనీలో చేస్తుంది. రొయ్యలు వొలిచే పని. ఇంట్లో మాట తేల్చేశారు, పాసైతే ఇంటర్, తప్పితే అత్త వెనకాల కంపెనీకి. టీచరమ్మ అవ్వాలని దానికి ఆశ. "మీలాగ సోషలే సెప్తాను, కానీ మీకంటే బాగా పాడతాను" అని నా మొహం మీదే అనేది.

పబ్లిక్ పరీక్షలకి ముందు స్కూల్లో జరిగే ప్రీఫైనల్‌లో దాన్ని వరండాలో విడిగా కూర్చోబెట్టాను. సన్నగా కూనిరాగం తీసుకుంటూ రాసింది. సోషల్‌లో క్లాస్ ఫస్ట్. ఆ పేపరు పట్టుకుని స్టాఫ్‌రూమంతా తిరిగాను.

మా హెడ్‌మిస్ట్రెస్ గారు పేపరు వైపు చూడనేలేదు. "మాస్టారూ, రేపు సెంటర్లో ఎవరు పాడనిస్తారండీ?" అని అడిగారు.

"మనసులో పాడుకుంటుంది లెండి మేడమ్" అని నవ్వేశాను. పాడుకోగలదా అని ఒక్కనాడైనా పైడిని అడిగి చూశానా? లేదు. నా గొప్పలో నేనున్నాను.

పబ్లిక్ పరీక్షకి పిల్లలు వేరే ఊళ్లో సెంటరుకి వెళ్లాలి. మా సబ్జెక్టు రోజు మాకు డ్యూటీ వెయ్యరు. గేటు బయట నిలబడ్డాను. పిల్లలందరూ కబుర్లాడుకుంటూ వచ్చేశారు, పైడి చివర్న వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏటే, ఏటయింది?"

"పెదాలు కదుపుతన్నానని లేపేసినారు మాస్టారూ. పక్కదానికి సెప్తన్నానన్నారు. పాడుకుంటన్నానని సెప్పినాను. పరీక్షలో పాటలేటని అరిసి, గోడకాడ ఒక్కదాన్నీ కూకోబెట్టినారు. నోరు మూసుకుంటే ఒక్క ముక్క రానేదు. మొదట్నించి ఎత్తుకుందామంటే అదీ రానేదు."

ఇన్విజిలేటర్, అంటే హాల్లో కాపలా ఉండే టీచరు, ఆయన్ని నేను తిట్టలేను. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ని. ఎన్నోసార్లు చేశాను కూడా.

మిగతావన్నీ పాసైంది. నా సబ్జెక్టు ఒక్కటే తప్పింది.

వాళ్లింటికి వెళ్లాను. సప్లిమెంటరీ ఉంటుంది, తప్పిన సబ్జెక్టు మళ్లీ రాయొచ్చు, నేను నేర్పుతాను అని బతిమాలాను. అప్పన్న పోయిన గొంతుతో "మీరు మంచోరు బాబూ. మీమీద కోపం నేదు. అది మల్లా ఆ గదిలోకి ఎల్లనంటాది" అన్నాడు. తిడితే బావుండేది. పైడి లోపల్నించి బయటికి రాలేదు. వారం తిరక్కుండా అత్తతో వెళ్లిపోయింది.

ఆ మరుసటేడు కరోనా వచ్చి, పదో తరగతి పరీక్షలే లేకుండా అందర్నీ పాస్ చేసేశారు. పేపర్లో చదివి ఆ రోజు అన్నం తినలేకపోయాను.

ఆ తరవాత రెండేళ్లకి ఆమదాలవలస స్టేషన్లో కనబడింది. మధ్యాహ్నం బండి కోసం నిలబడి ఉంది. ముందు అదే పలకరించింది. వేళ్లు నీళ్లలో నాని తెల్లగా పాలిపోయాయి. "పని ఎలా ఉందే?" అన్నాను.

"బాగుంటాది మాస్టారూ. మూతికి గుడ్డ కట్టీస్తారు కదా, లోపల్లోపల పాడుకుంటాను. ఎవులికీ తెల్దు. ఎవులూ ఆపరు."

"ఏటి పాడతావు?"

"మీ పాఠాలే. మరి నాకేటొచ్చు?"

బండి రావడానికి ఇంకా టైముంది. అడక్కుండానే గోదావరి అందుకుంది. ఒక్క ఊరు పేరు తప్పలేదు. అయిపోయాక నా మొహంలోకి చూసి "అన్నీ వొచ్చినాయి కదా మాస్టారూ?" అంది. వచ్చాయమ్మా అన్నాను.

పాతకాలం వాళ్లు పాడి నేర్పేవారు, పాడించి పరీక్ష పెట్టేవారు. నేను అందులో సగం మాత్రం పట్టుకొచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టాను. ఇప్పటికీ నా క్లాసులో పాఠాలు పాడిస్తాను. కానీ పదో తరగతి పిల్లలకి ముందు గొంతు తగ్గించి, తరవాత కూనిరాగం, ఆ తరవాత పెదవులు మూసి, చివరికి చేత్తో రాయడం, ఇలా మెట్టు మెట్టుగా దించుతాను. రెండు వారాలు పడుతుంది. అందరికీ వస్తుంది. పైడికీ వచ్చేది.

రెండు వారాలే.