మేనమామ చొక్కా

పోయిన వారం మా అక్క కూతురు పిలవడానికి వచ్చింది. తన కూతురి బిడ్డకు చెవులు కుట్టిస్తున్నారట. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకోవలసిన మేనమామ, అంటే మా అక్క కూతురి కొడుకు, ఆఫీసులో లీవు దొరకదంటున్నాడట. "నువ్వు చెప్పు మామా. నాకు కుట్టించిన దినం అంగడి వదిలేసొచ్చి నువ్వు నన్ను ఒళ్ళో పెట్టుకోలేదా? వాడికి బుద్ధొచ్చేటట్టు చెప్పు" అంటూ ఫోను తీసి నంబరు వెతకసాగింది. నా చేతిలో కాఫీ చల్లారిపోయింది.

పంతొమ్మిదివందల అరవైల చివర్లో నేను మద్రాసు పురసవాక్కంలో ఒక బట్టల అంగట్లో పట్టుచీరలు చూపించేవాణ్ణి. పెళ్ళికానివాణ్ణి, తిండీ పడకా అక్క ఇంట్లోనే. ఇంటికీ అంగడికీ నాలుగు నిమిషాల నడక. అయినా అక్క బిడ్డ లేవకముందే పోయి, పడుకున్నాక వచ్చేవాణ్ణి. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మకు నేనేమీ తీసిపోను. నేను లేకపోతే ఆ అంగట్లో ఒక్క చీర మడత విప్పేవాడుండడని నా నమ్మకం.

చెవులు కుట్టే రోజు తొమ్మిదింటికల్లా వచ్చేస్తానని అక్కకు మాటిచ్చి పోయాను. సరిగ్గా తొమ్మిదికి అంగట్లో పెళ్ళివారు దిగారు, పదహారు మంది ఆడవాళ్ళు. కాసేపటికి బావ సైకిలు మీద వచ్చి గుమ్మంలోంచే కేకేశాడు. "రారా, చెవులు కుట్టే ఆచారి ఇంకో ఇంటికి పోవాలంటా ఉండాడు. ఆడ అందరూ నీకోసం కాసుకోనుండారు." "నువ్వు పద బావా, పది నిమిషాల్లో వస్తా" అన్నాను, చీర కొంగు విప్పి చూపిస్తూనే. యజమాని పక్కనే ఉన్నాడు. అడిగితే పొమ్మనేవాడే. నేనే అడగలేదు. పెళ్ళివారు మధ్యాహ్నం దాకా నా చేత బీరువాల్లోని చీరలన్నీ దింపించి, రెండు జాకెట్టు గుడ్డలు కొనుక్కుని వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చేసరికి పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. అక్క అన్నం పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. రాహుకాలం ముంచుకొస్తోందని, దండెం మీది నా చొక్కా తీసి తన ఒళ్ళో పరుచుకుని, దాని మీద పిల్లను కూర్చోబెట్టి కుట్టించిందట. "బిడ్డకు మామ ఒళ్ళోనే కుట్టించినామని చెప్తాను. నువ్వు కాదనబాక" అంది. నేను కాదనలేదు. అక్క పోయాక కూడా కాదనలేదు. ఆ పిల్ల పెద్దదై, ఆ సంగతి నలుగురిలో చెప్పుకుని మురిసిపోతుంటే తలూపుతూ కూర్చున్నాను. ఒకసారైతే సిగ్గులేకుండా, "నా జుట్టు పట్టుకుని ఏడ్చావు" అని నేనూ ఓ ముక్క కలిపాను. అది తలుచుకుంటే ఇప్పటికీ తలెత్తలేను.

"లైన్లో ఉండాడు మామా" అంటూ ఫోను నా చేతికిచ్చింది.

"చెప్పండి తాతా" అన్నాడు వాడు.

"నాయనా, ఆ రోజు నేను రాలేదు" అన్నాను. "మీ అమ్మ కూర్చున్నది నా ఒళ్ళో కాదు, నా చొక్కా మీద. నువ్వైనా పోరా."

వాడేమన్నాడో నాకు వినపడలేదు. ఎదురుగా మా అక్క కూతురి చెయ్యి మెల్లగా చెవి కమ్మ మీదికి పోయింది. నాలుగు నిమిషాల నడక. ఆ ఇంటికి చేరడానికి నాకు యాభై ఏళ్ళ పైనే పట్టింది.